ఓపల్ పిస్తోలుకు తగిన గుండు

ఓపల్ ఇంట్లో దొంగలు పడింది ఆగస్టులో, అదీ పట్టపగలు. ఆమె జుట్టు కత్తిరించుకోవడానికి ఊళ్ళోకి వచ్చిన సమయం చూసి ఎవరో వెనక తలుపు పగలగొట్టారు. మైక్రోవేవూ, ఫ్రీజర్లో దాచుకున్న పొగబెట్టిన పంది తొడా పట్టుకుపోయారు. మైక్రోవేవ్ గురించి ఆమె ఒక్క మాట కూడా అనలేదు. పంది తొడ గురించి మాత్రం చర్చిలో, పోస్టాఫీసులో, పెట్రోలు బంకులో, ఎక్కడ ఎవరు కనిపిస్తే వాళ్ళకి చెప్పుకుంది. చనిపోయిన భర్త లెస్టర్ కట్టిన పొగగదిలో తన చేత్తో ఆరబెట్టిన తొడ అది. క్రిస్మస్ కోసం ఉంచుకుంది.

షెరీఫ్ ఆఫీసు నుంచి మనిషి వచ్చేసరికి సాయంత్రమైంది. "మీ ఇల్లు కొండకి అవతల ఉందమ్మా. మీరు ఫోన్ చేశాక మేం బయల్దేరి వచ్చేలోపు దొంగ తీరిగ్గా భోంచేసి, గిన్నెలు కడిగి మరీ వెళ్ళొచ్చు" అని అతను ఉన్నమాట చెప్పాడు. మర్నాడు పొద్దున్నే ఓపల్ నా కొట్టుకొచ్చింది.

బెల్ ఫోర్క్‌లో నా కొట్టు తెలియనివాళ్ళు లేరు. చేపల ఎరలు, మేకులు, కోళ్ళ దాణా, తుపాకులు, తూటాలు అన్నీ ఒక్క కప్పు కిందే దొరుకుతాయి. ఒక మూల కాఫీ మరుగుతూ ఉంటుంది. దాని పక్క కుర్చీల్లో నేను తలుపు తీసినప్పటి నుంచి మధ్యాహ్నం దాకా ఇద్దరు మనుషులు కూర్చుని ఉంటారు. వాళ్ళు కొనేదేమీ ఉండదు. కాఫీ తాగుతారు, వాదించుకుంటారు, భోజనానికి ఇంటికి పోతారు.

అందులో ఒకడు థర్మన్. దుంగల లారీ నడిపి రిటైరయ్యాడు. మనిషి కూడా లారీ అంత ఉంటాడు. నెమ్మదిగా నడుస్తాడు, నెమ్మదిగా మాట్లాడతాడు. ఒకసారి ఒక మాట అన్నాడంటే దాన్ని అక్కణ్ణుంచి కదపడానికి క్రేను తేవాలి. భార్య పోయి చాలా కాలమైంది. రెండోవాడు వెర్లిన్. ఈ కొండల్లో ఇంటింటికీ ఉత్తరాలు పంచి రిటైరయ్యాడు. బక్కపలచటి మనిషి. ఎదుటివాడు నోరు తెరిచేలోగా తను చెప్పాల్సింది చెప్పేసి, దానికి జవాబు కూడా తనే ఇచ్చేసుకుంటాడు. పెళ్ళి చేసుకోలేదు. ఇద్దరూ అన్నదమ్ముల పిల్లలు. ఓపల్ చిన్నప్పుడు వాళ్ళతో పాటే బడికి వెళ్ళింది. లెస్టర్ పోయి కొన్నేళ్ళు గడిచాక వీళ్ళిద్దరూ చర్చికి ఇస్త్రీ చొక్కాలు వేసుకుని రావడం మొదలుపెట్టారు. ఎందుకో ఊరందరికీ తెలుసు, ఓపల్‌కి తప్ప. ఆమెకి కూడా తెలుసేమో మరి, బయటపడలేదు.

ఓపల్ చాలాసేపు చూసి, తన చేతికి ఇమిడే చిన్న నైన్ ఎమ్మెమ్ పిస్తోలు ఎంచుకుంది. కాగితాల పని అయ్యాక, "తూటాలు కూడా ఇయ్యి నెడ్రా" అంది.

"ఏ బరువువి ఇమ్మంటావ్?" అని అడిగాను. కొట్లో ఎవరొచ్చినా అడిగే మాటే అది. కానీ మూలన రెండు కుర్చీలూ ఒకేసారి కిర్రుమన్నాయి.

"నూట పదిహేను" అన్నాడు వెర్లిన్, కాఫీ కప్పు కింద పెట్టకుండానే.

"నూట నలభై ఏడు" అన్నాడు థర్మన్, లేచి నిలబడడం పూర్తయ్యాక.

ఓపల్ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఏంటవి? బైబిల్లో కీర్తనలా?"

"గ్రెయిన్లు, ఓపల్" అన్నాను నేను. "గ్రెయిన్ అంటే గింజ. వెనకటికి గింజలు పెట్టి తూచేవాళ్ళట."

"అంటే లోపల మందు ఎంతుంటుందనా?"

"మందు కాదు. తూటా కొసన కూర్చుని ఉంటుందే, గుండు, దాని బరువు. గొట్టంలోంచి ఎగిరిపోయేది అదొక్కటే."

వెర్లిన్ అప్పటికే కౌంటరు దగ్గరికి వచ్చేశాడు. "చూడు ఓపల్, బరువు తక్కువైతే గుండు రివ్వుమని పోతుంది. ప్రాక్టీసుకి అందరూ కాల్చేది అదే, చవక కూడా. రోజూ దేంతో అలవాటైతే ఇంట్లో పెట్టుకునేది కూడా అదే అవ్వాలి. కాకపోతే ముక్కున గుంట ఉన్నది పెట్టుకో. తగలగానే పువ్వులా విచ్చుకుంటుంది."

"విచ్చుకుంటుంది సరే, ఆ తర్వాత?" అన్నాడు థర్మన్. "తేలిక గుండు కోటు దగ్గరే ఆగిపోతుంది. బరువు గుండు నిదానంగా పోతుంది, లోపలిదాకా పోతుంది. చేతిని అంత కుదపదు కూడా."

"కోటు వేసుకొస్తాడని నీకెవరు చెప్పారు?" అంది ఓపల్. "నా ఇంట్లో పడింది ఆగస్టులో. వాడు చొక్కా అయినా వేసుకున్నాడో లేదో."

"అడుగు ఓపల్, అడుగు" అని సంబరపడ్డాడు వెర్లిన్. "వీడు ఎండాకాలంలో కూడా చలికాలం దొంగ కోసమే చూస్తుంటాడు."

"నువ్వేమో ఉత్తరం విసిరినట్టు విసిరేసి పారిపోదామనుకుంటావ్" అన్నాడు థర్మన్.

ఓపల్ పర్సు మూసింది. "సన్నగా గబగబా ఉండేవాడికి సన్నది నచ్చింది, లావుగా నిదానంగా ఉండేవాడికి లావుది నచ్చింది. నాకు నచ్చేదేదో ఎవడూ అడగలేదు. ముందు మీరిద్దరూ ఒక మాట మీదకి రండి. అందాకా లెస్టర్ బేస్‌బాల్ బ్యాటు మంచం పక్కన పెట్టుకుంటా."

తూటాలు కొనకుండానే పిస్తోలు పట్టుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు నా కొట్లో కాఫీ ఎవరూ తాగలేదు, వాదనకే సరిపోయింది. చివరికి ఇద్దరూ ఒక్క సంగతికి మాత్రం ఒప్పుకున్నారు. పరీక్ష పెట్టాలి. ఆదివారం ప్రార్థన అయ్యాక, థర్మన్ పొలం వెనక ఉన్న కంకర గుంటలో, ఓపల్ కళ్ళ ముందు.

గుండు ఎంత లోతుకు పోతుందో చూడడానికి పెద్ద పెద్ద చోట్ల వాడేది జెలటిన్ అచ్చు. పశువుల తోళ్ళు, ఎముకలు ఉడికించి తీసిన పొడిని వేడినీళ్ళలో కలిపి పోస్తారు. మామూలు జెల్లీకి వేసేదానికంటే ఎన్నో రెట్లు చిక్కగా వేస్తారు. చల్లారాక అది గాజులా తేటగా, లారీ టైరులా గట్టిగా తయారవుతుంది. మాంసంలో ఎలా పోతుందో గుండు అందులో అలాగే పోతుందని లెక్క. నురగ కట్టకుండా దాల్చినచెక్క నూనె కొన్ని చుక్కలు వేస్తారు. వెర్లిన్ ఇదంతా ఎక్కడో చదివాడు. టొమాటోలు సీసాలకెత్తే అతని పెద్ద కుండ పొయ్యి మీద పెట్టి ఇద్దరూ కలిసి కాచారు. కలపడం నెమ్మదిగానా, గబగబానా అని అక్కడ కూడా దెబ్బలాడుకున్నారని తర్వాత విన్నాను.

రెండు అచ్చులు వచ్చాయి. ఒక్కొక్కటీ చేయంత పొడవు. వాటిని బాగా చల్లగా ఉంచాలి. వెర్లిన్ ఫ్రిజ్ నిండా వానపాములు. థర్మన్ ఫ్రిజ్ తలుపు పడదు, తాడుతో కట్టి ఉంటుంది. అయితే థర్మన్ చర్చి పెద్దల్లో ఒకడు, నేలమాళిగ తాళాలు అతని దగ్గరే ఉంటాయి. అక్కడి వంటగదిలో ఒక మనిషి నిలబడేంత ఫ్రిజ్ ఉంది. గురువారం నాడు రెండు అచ్చులూ తెచ్చి అందులో పెట్టేశారు. శనివారం అదే నేలమాళిగలో చర్చివాళ్ళ చేపల విందు ఉన్న సంగతి ఇద్దరికీ తెలుసు. ఫ్రిజ్‌లో ఉన్నదాన్ని ఎవరూ ముట్టుకోరులే అనుకున్నారు.

ఆ ఏడాది విందులో తీపి వంతు ఓపల్‌ది. పాపం ఆమె పొద్దుటి నుంచీ నల్లరేగుపళ్ళతో పెద్ద పళ్ళెం నిండా తీపిరొట్టె చేసింది. చర్చి ఓవెన్‌లో వేడి తగ్గించే మీట ఎప్పుడో విరిగింది, ఆ సంగతి ఆమెకెవరూ చెప్పలేదు. తలుపు తీసేసరికి రొట్టె బొగ్గయింది. వంటగది బయట బల్లల దగ్గర జనం కూర్చునేశారు. వేయించిన చేప, మొక్కజొన్న రొట్టె, చిక్కుళ్ళు అప్పటికే వడ్డిస్తున్నారు. ఓపల్ కంగారుగా ఫ్రిజ్ తెరిచింది. లోపల అద్దంలాంటి జెల్లీ, రెండు పెద్ద అచ్చులు, ఘుమఘుమలాడే దాల్చినచెక్క వాసన. ఎవరో మంచిమనిషి చేసిపెట్టి, చెప్పడం మరిచిపోయి వెళ్ళారనుకుంది.

ఒక అచ్చు తీసి కోయబోయింది. చాకు దిగలేదు. రొట్టె కోసే పళ్ళ కత్తి తెచ్చి రంపంలా కోసి, పాచికల్లా ముక్కలు చేసింది. డబ్బాలో వచ్చే పీచ్ పళ్ళు రసంతో సహా పోసింది, పైన గిలక్కొట్టిన మీగడ వేసింది. చూడ్డానికి ఎంత బాగుందో! ఆమె మాత్రం రుచి చూడలేదు. ఆమెకి షుగరు.

ముందు పాస్టర్ డ్వైట్‌కి వడ్డించింది. నేను ఆయన ఎదురుగానే కూర్చున్నాను. ఆయన చెంచాతో ముక్కని నొక్కాడు. ముక్క చెంచాని వెనక్కి నెట్టింది. ఇంకాస్త గట్టిగా నొక్కాడు. అది పళ్ళెంలోంచి ఎగిరి, నా గ్లాసుకి తగిలి, మళ్ళీ ఆయన వైపే వచ్చింది. ఆయన చుట్టూ చూసి, దాన్ని చేత్తో తీసి నోట్లో వేసుకున్నాడు. ఆ తర్వాత చాలాసేపు నమిలాడు. కళ్ళు మూసుకుని దవడలు ఆడిస్తుంటే భోజనానంతర ప్రార్థన అనుకుని ఇద్దరు ముసలమ్మలు తలలు వంచారు.

నేనూ ఒక ముక్క వేసుకున్నాను. నేను దాన్ని కొరికాను, అది నన్ను కొరికింది. మొదట పీచ్ పండు తీపి, ఆ వెంటనే దాల్చినచెక్క మంట, చివర్న తడిసిన జోడు వాసన.

అవతలి బల్ల దగ్గర థర్మన్, వెర్లిన్ పళ్ళేల్లోకి చూస్తూ బిగుసుకుపోయి ఉన్నారు. వెర్లిన్ ఒక ముక్కని దీపం వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూశాడు. థర్మన్ అతని మోచెయ్యి పట్టుకుని కిందికి లాగాడు. అంతలో ఓపల్ వాళ్ళ దగ్గరికి వచ్చింది. పొయ్యి వేడికి మొహం ఎర్రగా ఉంది, జుట్టు చెదిరిపోయి ఉంది.

"ఎలా ఉంది? నిజం చెప్పండి" అంది. "నా రొట్టె మాడిపోయింది. ఇది కూడా బాగాలేకపోతే ఈ ఊళ్ళో మొహమెత్తుకోలేను."

వెర్లిన్ నోరు తెరిచాడు. మొదటిసారి అతని నోట్లోంచి మాట రాలేదు.

"అద్భుతంగా ఉంది, ఓపల్" అన్నాడు థర్మన్. అని ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు.

వెర్లిన్‌కి అది చూసి ఒళ్ళు మండింది. "అద్భుతం అంటే చాలదు. నాకింకాస్త వెయ్యి" అని పళ్ళెం చాచాడు.

"నాక్కూడా" అన్నాడు థర్మన్.

ఇక అక్కణ్ణుంచి పందెం. ఒకడు వేయించుకుంటే రెండోవాడు వేయించుకున్నాడు. థర్మన్ నిదానంగా నమిలాడు, వెర్లిన్ నమలకుండా మింగాడు. మధ్యలో థర్మన్ కట్టుడుపళ్ళ కిందిసెట్టు ఒక ముక్కలో ఇరుక్కుని బయటికొచ్చేసింది. అతను చేతిరుమాల్లో చుట్టుకుని బయటికెళ్ళి, ముక్కని పీకి పారేసి, సెట్టు పెట్టుకుని మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. వీళ్ళని చూసి మిగతావాళ్ళు కూడా బాగుందేమోనని నమిలారు. బాగాలేదని ముందుగా అనే మనిషి బెల్ ఫోర్క్‌లో లేడు. పాస్టరు గారు రెండోసారి కూడా వేయించుకున్నారు. ఓపల్‌కి కళ్ళనీళ్ళు తిరిగాయి.

విందయ్యాక కార్లు నిలిపే చోట ఇద్దరూ గుసగుసలాడుకోవడం విన్నాను.

"నువ్వే చెప్పు" అంటున్నాడు వెర్లిన్. "తాళం నీది."

"నువ్వే చెప్పు. కుండ నీది."

"నేను చెబితే నా మొహం మళ్ళీ చూడదు."

"అందుకే నిన్ను చెప్పమంటున్నా."

ఇద్దరూ చెప్పలేదు. మర్నాడు ఆదివారం ప్రార్థనలో, ఎవరైనా చెప్పుకోవాల్సింది ఉంటే చెప్పుకోండని పాస్టరు గారు అనగానే ఓపల్ లేచి నిలబడింది.

"నిన్న ఆ జెల్లీ చేసిపెట్టిన పుణ్యాత్ములు ఎవరో నాకు తెలీదు. నా పరువు నిలబెట్టారు. దయచేసి లేచి నిలబడండి. ఎలా చేశారో నేర్చుకుంటాను. నవంబరులో థాంక్స్‌గివింగ్ పండక్కి ఊరందరికీ చేసి పెడతాను."

ఎవరో దగ్గారు. పాస్టరు గారు దవడ తడుముకున్నారు. థర్మన్ పాటల పుస్తకం తిరగేసి పట్టుకుని చదువుతున్నాడు. వెర్లిన్ బూటు లేసు కట్టుకోవడానికి వంగినవాడు ప్రార్థన అయ్యేదాకా లేవలేదు.

"మంచివాళ్ళు అంతే, చేసింది చెప్పుకోరు" అంది ఓపల్, కూర్చుంటూ.

ఆ రోజు పరీక్ష జరగలేదు. ఒక అచ్చు జనం కడుపుల్లో ఉంది, రెండోది ఫ్రిజ్‌లో లేదు. ఎక్కడికి పోయిందో అడిగే ధైర్యం ఇద్దరికీ లేదు. అలాగని ఓపల్‌ని చేతిలో ఉత్త పిస్తోలుతో వదిలేయడం నాకు నచ్చలేదు. సోమవారం కొట్టు మూసేసి, మూడు రకాల తూటాలు పెట్టెలో వేసుకుని, ఆమెని కంకర గుంటకి రమ్మన్నాను. గుంట థర్మన్‌ది కాబట్టి అతను వచ్చాడు. థర్మన్ వచ్చాడు కాబట్టి వెర్లిన్ వచ్చాడు.

ఓపల్ కారు దిగి, వెనక సీట్లోంచి ఐసు పెట్టె ఒకటి బరువుగా దించింది. "థర్మన్, ఇది నీకే. నువ్వంత ఇష్టంగా తింటుంటే చూసి రెండో అచ్చు నీకోసం ఎత్తిపెట్టా. ఒక్కడివే ఉంటావ్, ఎవరు చేసి పెడతారు నీకు?"

థర్మన్ మొహం వెలిగిపోయింది. "ఓపల్, ఏమనాలో తెలీట్లేదు" అన్నాడు.

వెర్లిన్ మొహం మాత్రం చూడలేకపోయాను.

కంకర గుట్టకి చెక్క ఆనించి, దాని మీద కాగితపు పళ్ళేలు అంటించాను. చప్పుడుకి చెవులు పోకుండా అందరం చెవులకి డిప్పలు పెట్టుకున్నాం. పిస్తోలు ఎలా పట్టుకోవాలో, మీట మీద వేలు ఎప్పుడు పెట్టాలో ఓపల్‌కి చూపించి పక్కకి జరిగాను. ఆమె ఇంకా కాల్చలేదు, పిస్తోలు కిందికి పట్టుకుని పళ్ళెం వైపు చూస్తోంది. అప్పుడు వెర్లిన్ ఆమె పక్కకొచ్చి ఏదో అన్నాడు.

"ఏంటి?" అంది ఓపల్ గట్టిగా. డిప్పల్లోంచి ఏమీ వినపడదు కదా.

వెర్లిన్ మళ్ళీ అన్నాడు, ఇంకాస్త గట్టిగా.

"వెల్లుల్లి తినేదా?"

"జెల్లీ!" అని అరిచాడు వెర్లిన్. "నీ జెల్లీ తినేది కాదు! కాల్చేది!"

కంకర గుంట కాబట్టి ఆ మాట గోడలకి తగిలి రెండుసార్లు తిరిగొచ్చింది. అవతల పొలంలో ఆవులు తలలెత్తి చూశాయి. ఓపల్ పిస్తోలు బల్ల మీద పెట్టి, డిప్పలు తీసి, అతని వైపు తిరిగింది.

"మళ్ళీ చెప్పు."

వెర్లిన్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "అది మేం చేసింది, ఓపల్. నేనూ థర్మనూ. ఏ గుండు ఎంత లోతుకి పోతుందో నీకు చూపిద్దామని. తోళ్ళు ఉడకేసింది అది. నువ్వు అడిగినప్పుడే చెప్పాల్సింది. నీ మొహం చూసి చెప్పలేకపోయా. థాంక్స్‌గివింగ్‌కి కూడా చేస్తానన్నావు, ఇక ఆగలేకపోయా."

"పాస్టరు గారు రెండుసార్లు వేయించుకున్నారు!"

"ఆయన మంచోడు ఓపల్. ఏం చేస్తాడు?"

"ఊరందరి చేతా గుండ్లు దించే అచ్చు తినిపించానా? ఆదివారం చర్చిలో లేచి నిలబడి ధన్యవాదాలు కూడా చెప్పానా?"

"పుణ్యాత్ములన్నావు కూడా" అన్నాను నేను. ఊరుకోలేకపోయాను.

ఓపల్ థర్మన్ వైపు తిరిగింది. "మరి నువ్వు? అద్భుతంగా ఉందన్నావే!"

థర్మన్ ఐసు పెట్టె మీద చెయ్యేసి నిలబడి ఉన్నాడు. "అదేంటో తెలిసీ చెప్పలేదు, అది తప్పే" అన్నాడు నిదానంగా. "కానీ నాకు నిజంగానే నచ్చింది."

ఓపల్ అతని మొహంలోకి చూసింది. అతను నవ్వడం లేదు. నచ్చినట్టే ఉంది. ఆమె పెదాలు అదిరాయి. ఏడుస్తుందేమో అనుకున్నాను. నవ్వు మొదలైంది, మొదట ముక్కుతో, తర్వాత ఒళ్ళంతా. నా ట్రక్కు వెనక పలక మీద చతికిలపడి, డొక్కలు పట్టుకుని, కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది. లెస్టర్ పోయాక ఆమె అలా నవ్వడం నేను చూడలేదు. వెర్లిన్ టోపీ తలకి పెట్టుకోవాలో వద్దో తేలక అలాగే నిలబడ్డాడు.

నవ్వు తగ్గాక ఆమె లేచి ఐసు పెట్టె మూత తీసింది. "కాల్చేదే అయితే కాల్చే చూద్దాం. పట్టండి ఇద్దరూ."

థర్మన్ ముఖం ముడుచుకున్నాడు గానీ పట్టాడు. అచ్చుని గుట్ట ముందు మొద్దు మీద పెట్టాం. ముందర థర్మన్ పాత కోటు గుడ్డ వేలాడదీశాం, అతని మాట తీసేయలేదని ఉండాలి కదా. ఓపల్ ముందు వెర్లిన్ గుండు కాల్చింది, తర్వాత థర్మన్‌ది. రెండూ ముక్కున గుంట ఉన్నవే. అచ్చు రెండుసార్లు ఒళ్ళంతా వణికింది. అందరం వెళ్ళి వంగి చూశాం. తేలిక గుండు కోటుగుడ్డ దాటి బాగానే లోపలికి పోయి, పువ్వులా విచ్చుకుని ఆగింది. బరువు గుండు కూడా విచ్చుకుంది. దానికంటే ఓ రెండు వేళ్ళ మేర ముందుకెళ్ళి ఆగింది. అంతే.

"చూశావా, కోటు దగ్గర ఆగిందా?" అన్నాడు వెర్లిన్.

"చూశావా, ఎవరిది ముందుంది?" అన్నాడు థర్మన్.

"చూశాను" అంది ఓపల్. "రెండు వేళ్ళు. ఈ రెండు వేళ్ళ కోసం నా పరువు తీశారు. దొంగకి ఏది సరిపోతుందో తేలింది, రెండూ సరిపోతాయి. ఇప్పుడు నా చేతికి ఏది సరిపోతుందో చూద్దాం. నెడ్రా, పళ్ళేలు మార్చు."

ఆమె కాగితపు పళ్ళేల మీద కాల్చడం మొదలుపెట్టింది. పక్కన ఉన్న ఇద్దరినీ నోరెత్తనివ్వలేదు. ఆ చిన్న పిస్తోలులో తేలిక గుండు చేతిని చురుక్కుమని తన్నింది. గుండ్లు పళ్ళెం నిండా చెదిరాయి. బరువు గుండు మెత్తగా తోసింది, అది ఆమెకి నచ్చింది. కానీ ఆమె గురిపెట్టిన చోటికి కాస్త పైన పడింది. పైగా ఆ పిస్తోలుకి ఆ గుండు సరిపడలేదు. ఒకసారి తూటా లోపల సగంలో ఇరుక్కుంది, నేను వెళ్ళి సరిచేయాల్సి వచ్చింది.

"వీడి కట్టుడుపళ్ళలాగే" అన్నాడు వెర్లిన్ మెల్లిగా.

అప్పుడు పెట్టెలోంచి మూడో రకం తీసిచ్చాను. నూట ఇరవై నాలుగు. ఆమె నిదానంగా ఒక్కొక్కటే కాల్చింది. ఒక్కటీ ఇరుక్కోలేదు. పళ్ళెం మధ్యలో ఒక కప్పు పెడితే మూసుకుపోయేంత చోట అన్నీ పడ్డాయి. మళ్ళీ నింపి మళ్ళీ కాల్చింది. అలాగే పడ్డాయి.

"ఇదే" అంది. "ప్రాక్టీసుకి ఏం తీసుకోను?"

"అదే బరువులో గుండ్రటి ముక్కుది తీసుకో, చవక" అన్నాను. "చెయ్యీ కన్నూ రెండోసారి నేర్చుకోనక్కర్లేదు. ఇంట్లో ఉంచుకునే గుంటముక్కువి కూడా అప్పుడప్పుడూ కొన్ని కాల్చు. నీ పిస్తోలు మింగుతుందో లేదో తెలియాలి."

"మధ్యరకమా?" అన్నాడు థర్మన్, ఎవరో చనిపోయిన వార్త విన్నవాడిలా. వెర్లిన్ కూడా అలాగే చూశాడు. ఇద్దరూ ఒకే వైపు నిలబడింది ఆ ఒక్కసారే.

ఓపల్ ఆ వారమంతా ఇద్దరితోనూ మాట్లాడలేదు. పాస్టరు గారికి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పి క్షమాపణ అడిగింది. ఆయన ముందు ఆమెకంటే ఎక్కువ నవ్వి, తర్వాత ఆ ఆదివారం ప్రసంగంలో, మర్యాద కోసం అబద్ధమాడితే ఏమవుతుందో చెప్పుకొచ్చారు. చర్చిలో సగం మంది దవడలు తడుముకున్నారు.

వారం తర్వాత ఓపల్ నా కొట్టుకొచ్చి తూటాలు తీసుకుంది. వెళుతూ కాఫీ మూలన ఆగింది.

"వెర్లిన్, శుక్రవారం భోజనానికి రా. నేను వండింది తిని బాగాలేకపోతే మొహం మీద చెప్పాలి. ఇంట్లో అలాంటి మనిషి లేక చాలా కాలమైంది."

వెర్లిన్ తల ఊపాడు. మాట మాత్రం ఆమె కారు వెళ్ళిపోయాక వచ్చింది, అప్పుడు ఇక ఆగలేదు.

థర్మన్ కుర్చీ కొన్నాళ్ళు ఖాళీగా ఉంది. వెర్లిన్ ఒక్కడే వచ్చి కాఫీ తాగేవాడు, ఎవరితో వాదించాలో తెలియక గోడ మీది క్యాలెండరుతో మాట్లాడేవాడు. చివరికి అతనే వెళ్ళి థర్మన్‌ని తీసుకొచ్చాడు. ఏం మాట్లాడుకున్నారో చెప్పలేదు. లోపలికి రాగానే థర్మన్ కుర్చీలో కూర్చుని, "వాడు తేలికోడే గానీ దూరం పోయాడు" అన్నాడు. అంతే, ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

మరుసటి ఏడు జూన్‌లో ఓపల్‌కీ వెర్లిన్‌కీ పెళ్ళయింది. థర్మన్ పెళ్ళికొడుకు పక్కన నిలబడ్డాడు. అతనికి సరిపోయే కోటు పక్క ఊళ్ళో కూడా దొరక్క, రెండు కోట్లు విప్పి ఒకటిగా కుట్టించారు. పాస్టరు గారు ప్రమాణం చేయించేటప్పుడు, "ఈమెతో ఎల్లప్పుడూ సత్యమే పలుకుతావా?" అని తనంతట తానే ఒక మాట కలిపి అడిగారు. వెర్లిన్ ఆ ప్రశ్న పూర్తవకముందే అవునన్నాడు. భోజనాలయ్యాక పెళ్ళికొడుకు కోసం వెతికితే చర్చి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కనే థర్మన్. పాత ట్రక్కులో చిక్కటి ఆయిలు పోయాలా, పల్చటిది పోయాలా అని ఇద్దరూ గొంతు చించుకుంటున్నారు. ఓపల్ కొత్త గౌను ఎత్తిపట్టుకుని వాళ్ళ మధ్య మెట్టు మీద కూర్చుని, బూట్లు విప్పి పాదాలు నొక్కుకుంటూ వింటోంది. "కానివ్వండి, నాకు తొందరేం లేదు" అంటోంది.